మూడో వరస చివరి కుర్చీ

చూశారా వీళ్ళ పని! మీ మీద ప్రోగ్రాం తీస్తామంటూ వచ్చి, ముందుగా మిమ్మల్నే గోడ మీంచి తీసేసి ఫ్రిజ్జు మీద పెట్టారు. ఫోటో అద్దం మీద లైటు పడి మెరుస్తోందట! ముప్ఫై ఏళ్ళు టీవీకి రాసిన మనిషికి టీవీవాళ్ళు చూపించిన చోటు ఇదీ, బ్రెడ్డు పొట్లం పక్కన.

నేను ఊరుకున్నానా? ఊరుకోలేదు. "ఆయన పోయి ఎనిమిది నెలలు కూడా కాలేదు, అప్పుడే వంటింట్లోకి తోసేస్తారా?" అని అడిగేశాను. "ఒక్క గంటేనండీ" అంది ఆ డైరెక్టరమ్మాయి. ఒక్క గంటట! మీరూ అలాగే అనేవారు, ఒక్క సీను రాసి వచ్చేస్తానని.

పోనీలెండి, ఒకందుకు ఇదే నయం. ముందుగదిలో కాలు పెట్టే సందు లేదు. ఎటు చూసినా వైర్లు. నా కుర్చీ కింద చెక్కముక్కలు పెట్టారు, ఎత్తు చాలదని. మొహానికి ఇంత పౌడరు కొట్టారు. అలా చూడకండి, నాకూ తెలుసు, గోడకి సున్నం వేసినట్టుంది.

వాళ్ళు లైట్లు సర్దుకునేలోగా మీతో ఒక మాట చెప్పాలి. చాలాకాలంగా చెప్పాలనుకుంటున్న మాట. మీరు బతికుండగా చెప్పలేదంటే ఎందుకు చెప్పలేదో మీరే అర్థం చేసుకోండి.

ఇదిగో, ప్రశ్నల కాగితం ఇచ్చారు. మొదటిది, మీ పెళ్ళి ఎలా జరిగింది. రెండోది, ఆయన ఇంట్లో ఎలా ఉండేవారు. ఆ రెండూ ఫర్వాలేదు, అబద్ధమాడినా ఎవరికీ నష్టం లేదు. మూడోది చూడండి. "మొదట్లో హాస్యం రాసిన ఆయన, దాన్ని హఠాత్తుగా ఎందుకు వదిలేశారు?"

ఏం చెప్పమంటారు?

మీరు అందరికీ చెప్పింది నాకు కంఠతా వచ్చు. "జీవితంలో లోతు చూశాక నవ్వు దానంతటదే ఆగిపోయింది" అనేవారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. పక్కన నేను కూర్చుని తలూపేదాన్ని. లోతూ లేదు, గొయ్యీ లేదు. ఉన్నది ఒక చేతిసంచి.

అవును, చేతిసంచే. ఉండండి, వరసలో చెప్పనీయండి.

మొదటిసారి నేను స్టూడియోకి వచ్చింది గుర్తుందా? మీరు కళ్ళజోడు మర్చిపోయారని తెచ్చిచ్చాను. మీ హాస్యం ప్రోగ్రాం రిహార్సల్ జరుగుతోంది. మొగుడి వేషం వేసే మన బొద్దాయన కుర్చీలో ఇరుక్కుపోయి, కుర్చీతో సహా లేచి నిలబడి, ఏమీ జరగనట్టు వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టాడు. తలుపు దగ్గర నిలబడ్డ నేను నవ్వేశాను. నా నవ్వు సంగతి తెలిసిందేగా, ముందు సన్నగా కూతలా మొదలై, తర్వాత అలమరలోంచి గిన్నెలన్నీ ఒక్కసారే జారినట్టు వస్తుంది. టీవీ స్టేషన్ ఆఫీసరుగారు ఉలిక్కిపడి చూసి, "ఆవిణ్ణి ప్రతివారం తీసుకురావయ్యా" అన్నారు.

అంతే, ఉద్యోగం దొరికింది నాకు. మూడో వరసలో చివరి కుర్చీ. సరిగ్గా నెత్తిమీద మైకు.

ఎందుకో మీకు తెలుసు. హాల్లో కూర్చునే రెండొందల మంది ఎవరూ? స్టేషన్లో పనిచేసేవాళ్ళ చుట్టపక్కాలు. ఫ్లోర్ మేనేజరు ముందే వాళ్ళ గుండెల్లో రాయి వేసేవాడు. దగ్గొద్దు, కదలొద్దు, ఎర్రలైటు వెలిగాక కుర్చీ కిర్రుమనకూడదు అని. పాపం, అన్నీ వద్దన్నాక నవ్వొచ్చో లేదో వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. ఆ ఒకరు నేను. నేను నవ్వితే, ఓహో, నవ్వొచ్చన్నమాట అని హాలంతా నవ్వేది. అప్పట్లో నవ్వు తర్వాత అతికించే సదుపాయం మన స్టేషన్లో ఎక్కడుంది? హాల్లో వచ్చిందే ఇళ్ళకి వెళ్ళేది.

ఒకటిన్నర సంవత్సరం నవ్వాను. జ్వరంతో వచ్చి నవ్వాను. మా నాన్న ఆసుపత్రిలో ఉన్న వారం కూడా వచ్చి నవ్వి వెళ్ళాను. తెర మీద మీ పేరు పడింది, బొద్దాయన పేరు పడింది, లైట్లు మోసినవాళ్ళ పేర్లూ పడ్డాయి. నా పేరు ఎక్కడా పడలేదు. పడాలని నేనేం అనుకోలేదు లెండి.

అనుకున్నాను. ఇప్పుడు దాచడమెందుకు, అనుకున్నాను.

సరే, సంచి కంటే ముందు తాళం సంగతి చెప్పాలి. తాళం వేశాక లాగి చూడటం నా అలవాటు. ఎవరికి లేదు? నేను కాస్త ఎక్కువసార్లు లాగుతాను, అంతే. మీ చెల్లెలి కూతురి పెళ్ళికి బయల్దేరిన రోజు వీధి మలుపు దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కొచ్చాను, ఒప్పుకుంటాను. మూడోసారి మీకు తిక్కరేగి, "ఒక పని చెయ్యవోయ్, నన్ను లోపల పెట్టి తాళం వెయ్యి. లోపల్నుంచి నేనూ లాగి చూస్తా" అన్నారు.

మీరు వేళాకోళానికన్నారు. నాకు అది నిజంగానే మంచి ఉపాయంలా కనిపించింది.

మీరు లోపల్నుంచి లాగారు. "రావట్లేదు" అన్నారు. "హమ్మయ్య, బాగా పడింది" అనుకుని హాయిగా వెళ్ళి బస్సెక్కాను. అంత మనశ్శాంతిగా నేను ఏ బస్సూ ఎక్కలేదండీ! కండక్టరు వచ్చి అడిగితే "రెండు టిక్కెట్లు" అన్నాను. "రెండో మనిషెవరమ్మా?" అన్నాడు. పక్కకి తిరిగి చూస్తే మీరు లేరు.

నాలుగు స్టాపుల తర్వాత దిగి పరుగెత్తుకొచ్చాను కదా! కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు మీరు. నేను ఏడ్చాను. "ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అన్నాను. ఒట్టేశారు. వేశారా లేదా?

మరో నెలకి నా గోధుమరంగు చేతిసంచి జిప్పు పాడైంది. "ఇలా ఇవ్వు, బాగుచేయించి తెస్తా" అని పట్టుకెళ్ళారు. మా ఆయన ఎంత మంచివాడో అనుకున్నాను. వెర్రిదాన్ని.

ఆ వారం మూడో వరసలో కూర్చున్నాను. ఎర్రలైటు వెలిగింది. తెర పక్కనుంచి, పెళ్ళాం వేషం వేసే ఆ పొడుగావిడ వచ్చింది, చేతికి సంచి తగిలించుకుని. నా సంచి! జిప్పు బాగుచేయించలేదు కూడా, అలాగే నోరు తెరుచుకుని ఉంది. వచ్చీరాగానే తాళం వేసి లాగింది. నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి లాగింది. పెదవి కొరుక్కుంటూ, సరిగ్గా నాలాగే. మీరు నేర్పించకపోతే ఆవిడకి ఎలా వస్తుందండీ?

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండొందల మంది ముందు, ఆపైన టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ! పైగా ఎవర్ని నవ్వమన్నారు? నన్ను. నన్ను చూసి నన్నే మొదట నవ్వమన్నారు.

నోరు బిగించుకున్నాను.

పొడుగావిడ బొద్దాయన్ని లోపల పెట్టి తాళం వేసి పెళ్ళికి వెళ్ళిపోయింది. హాలు నిశ్శబ్దం. "మీ ఆయనేరీ?" అని అక్కడ ఎవరో అడిగితే, "ఇంట్లో ఉన్నారు, తాళం చాలా బాగా పడింది" అంది. చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. నా పక్కన కూర్చున్న గుమస్తా నావైపు చూశాడు. వాడి బుగ్గలు ఉబ్బిపోయి ఉన్నాయి, నా అనుమతి కోసం చూస్తున్నాడు పాపం.

అప్పుడు దొంగ వచ్చాడు. అది మాత్రం మన ఇంట్లో జరగలేదు, మీ సొంత కల్పన. దొంగ తాళం కదిపి కదిపి చూసి, "రావట్లేదే" అని విసుక్కున్నాడు. లోపల్నుంచి బొద్దాయన ఏమన్నాడూ? "బాబ్బాబు, అప్పుడే వెళ్ళిపోకు నాయనా! కాస్త ఎడమవైపు తిప్పి చూడు. కంగారు పడకు, నిదానంగా చెయ్యి. నువ్వు చెయ్యగలవు!" దొంగ చెమటలు తుడుచుకుని, "నావల్ల కాదండీ, ఇంత గట్టి తాళం ఎక్కడ కొన్నారు?" అన్నాడు. "తాళం మామూలుదేనయ్యా, లాగి చూసిన మనిషి గట్టిది" అన్నాడు బొద్దాయన.

నా పొట్ట ఎగిరిపడుతోందండీ. బుగ్గ లోపల పళ్ళతో ఎంత గట్టిగా పట్టుకున్నానంటే నోట్లో ఉప్పగా తగిలింది. తలొంచుకుని ఒళ్ళో చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారే తలెత్తాను. పైన, రికార్డింగు చూసుకునే గాజు గదిలో మీరు నిలబడి ఉన్నారు. మీరు స్టేజీ వైపు చూడటం లేదు. నా వైపే చూస్తున్నారు.

మళ్ళీ తలొంచేసుకున్నాను.

తర్వాతి సంగతి మీకూ తెలిసిందే. "హాస్యం పండలేదయ్యా" అన్నారు ఆఫీసరుగారు. ఆ టేపు ప్రసారమే కాలేదు. ఇంకో నెలకి ప్రోగ్రామే ఎత్తేశారు. ఆ టైములో ఏదైనా కుటుంబ కథ రాయమన్నారు. రాశారు. తొమ్మిదేళ్ళు ఏకధాటిగా దేశాన్ని ఏడిపించారు. పేపర్లవాళ్ళు కన్నీటి చక్రవర్తి అన్నారు, దండలు వేశారు, శాలువాలు కప్పారు. ఆ శాలువాలు పెట్టడానికి ఇంకో బీరువా కొన్నాం.

ఆ పొడుగావిడకి ఏడవడంలో ఎంత పేరొచ్చిందంటే, కూరగాయలు కొనడానికి వెళ్ళినా జనం ఓదార్చేవారట! బొద్దాయనే అన్యాయమైపోయాడు. డాక్టరు వేషం ఇచ్చారు మీరు, జాలిపడి. ఆయన మంచం పక్కన నిలబడి "మేం చెయ్యగలిగిందంతా చేశాం" అనగానే ఇళ్ళలో జనం నవ్వేవారని తీసేశారు.

ఆ సీరియల్ గురించి కూడా ఒకటి చెప్పేస్తాను, ఎలాగూ మొదలుపెట్టాను కదా. రాసిన ప్రతి పేజీ నాకు చదివి వినిపించేవారు గుర్తుందా? పెద్దకోడలికి నాలుగోసారి జ్ఞాపకశక్తి పోయిన రోజు, నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. పంపు తిప్పి, ఆ చప్పుడులో కడుపుబ్బా నవ్వుకున్నాను. నాలుగోసారండీ! కళ్ళు తుడుచుకుంటూ బయటికొస్తే మీరు తృప్తిగా తలూపి, పేజీ చివర టిక్కు పెట్టారు. నేను ఏడ్చాననుకున్నారు.

అప్పట్నుంచి నేను పంపు తిప్పినప్పుడల్లా ఆ సీను ఖాయం చేసేవారు. సీరియల్ ముగిసేదాకా. అందులో సగం టిక్కులు నా నవ్వువే. అదీ సంగతి, మీరు నవ్వించినప్పుడు నవ్వలేదు, ఏడిపించినప్పుడు ఏడవలేదు. ఇలాంటి ప్రేక్షకురాలు ఏ రచయితకీ దొరక్కూడదు.

మధ్యలో ఒక సంగతి దాటేశాను. కావాలనే దాటేశాను.

ఆ రోజు హాల్లో నవ్వకపోవడం ఒక ఎత్తు. కోపంలో నోరు బిగించుకున్నాను, అది ఏ పెళ్ళామైనా చేస్తుంది. కానీ సాయంత్రం మీరు ఇంటికొచ్చారు. చెప్పులు కూడా విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి అడిగారు. "నిజం చెప్పవోయ్. బాగోలేదా? నీకు నవ్వు రాలేదంటే ఇంకెవరికీ రాదు. నువ్వేమంటే అదే."

సంచి గురించి అడుగుతారేమోనని చూశాను. ఒట్టు సంగతి ఎత్తుతారేమోనని చూశాను. మీకవేవీ గుర్తులేవు. మీ మొహంలో ఒక్క ఆ తాళం ఐటమే ఉంది. సంచి ఎందుకు పట్టుకెళ్ళారని నేనే నిలదీసి ఉంటే మనిద్దరం ఒక గంట పోట్లాడుకునేవాళ్ళం, అక్కడితో పోయేది.

"బాగోలేదు" అన్నాను.

మీరు అప్పుడు చెప్పులు విప్పారు. పొద్దున లేచి చూస్తే, మీరు హాస్యం రాసుకునే పుస్తకాలన్నీ కట్టకట్టి అటక మీద పెట్టేశారు. నిచ్చెన పట్టుకున్నది నేనే.

బాగుందండీ. చాలా బాగుంది. మీరు జన్మలో రాసినవాటన్నిట్లోకీ అదే బాగుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ దొంగని తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాను. మీరేమో మీకు నవ్వించడం చేతకాదనే నమ్ముతూ వెళ్ళిపోయారు.

ఏదో ఒకటి అనండి. ఏమంటారు, ఫ్రిజ్జు మీంచి!

ఆ, వస్తున్నానమ్మా! పిలుస్తున్నారండీ.

చెప్పేస్తాను. మూడో ప్రశ్న రాగానే అంతా చెప్పేస్తాను. దొంగ మాటలు మీరు రాసినవి రాసినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా. అయితే ఆ అమ్మాయి ఇప్పుడే వాళ్ళ మనుషుల్ని హెచ్చరిస్తోంది, విన్నారా? కెమెరా నడుస్తున్నంతసేపూ గదిలో ఎవరూ చప్పుడు చెయ్యకూడదట. అంటే నేనెంత బాగా చెప్పినా ఒక్కరూ నవ్వరు.

నవ్వకపోతే పోనీండి. ఆ రోజు గాజు గదిలో మీకెలా ఉందో నాకూ తెలియాలి.