దారి తప్పే చీమలు

చాల్లే బాబాయ్! పోయిన మనిషిని ఇంకెన్నాళ్లు తిడతావు? మొండిది, మొహమాటాల పుట్ట, చచ్చేముందు కూడా చేతికున్న ఆపద మీట నొక్కలేదు... అంటూ అల్లి పిన్ని ఫోటో గోడవైపు తిప్పేస్తావా? కాఫీ తర్వాత. ముందిలా కూర్చో.

నెట్‌వర్కులో నా ఉద్యోగమేంటో అడిగేవాడివిగా, చెబుతా విను. చిన్నప్పుడు నీ సౌనా, ఆ ఆవిరిస్నానాల గది వెనకాల చీమలపుట్ట చూపించి ఏం చెప్పావు? చీమ నడిచిన దారికి వాసన అంటుతుందీ, ఎవరూ నడవని దారి ఆరిపోతుందీ అనలేదూ?

అదే బాబాయ్ నా పని! జిల్లా నెట్‌వర్కంతా ఒక్క ప్రోగ్రాం నడిపిస్తుంది. అందులోకి నీ చీమల్ని వదిలాను, ఉత్తుత్తి చీమల్ని. రద్దీ ఉన్న లైన్లు మేలుకుంటాయి. ఎవరూ తొక్కని లైన్లో సిగ్నల్ అందించే పెట్టెలు నిద్రపోతాయి. కరెంటు ఆదా! ఆఫీసులో నా పేరు రాసి కేకు కూడా కోశారు.

మరి చలికాలం మన దీవి లైను ఎవరు తొక్కుతారు? వేసవికొచ్చేవాళ్ల ఇళ్లన్నిటికీ తాళాలే. మిగిలింది పిన్ని మణికట్టు మీట ఒక్కటే. నెలకోసారి పరీక్షకి నొక్కమంటే, "పాపం సాయం కేంద్రంలో వాళ్లని ఊరికే ఎందుకు లేపడం" అనేది. ఒక్కసారి నొక్కితే ఒట్టు! దారి ఆరిపోయింది.

ఆరిపోకూడదు బాబాయ్. అదీ నువ్వు చెప్పావు. కొన్ని చీమలు పనీపాటా లేనట్టు పాతదారుల్లో తిరుగుతాయి, వాటిని పిచ్చివనుకోకే రీక్కా, పాతదారి బతికేది వాటివల్లే అన్నావు. గుర్తుందా? నాకూ గుర్తుంది. ముందు నా ప్రోగ్రాంలో అలాంటి చీమల్ని పెట్టాను కూడా. అవి ఊరికే పెట్టెల్ని లేపుతున్నాయని పీకేశాను. రెండు శాతం ఎక్కువ ఆదా కోసం. రెండంటే రెండు!

నువ్వు మంచుకింద చేపల వల తియ్యడానికి వెళ్లిన పొద్దున, పిన్ని మెట్లమీద జారిపడ్డ పొద్దున... మీట నొక్కిన దాఖలా లేదని కాగితం వచ్చిందే, అది రాసింది నేనే. అబద్ధం కాదులే, కేంద్రానికి ఏమీ చేరలేదు. కానీ నిన్న ఆ మీట విప్పి చూశాను. అందులో ఉంది.

మూడుసార్లు నొక్కింది బాబాయ్. మొహమాటపడలేదు. నిద్రపోతున్న లైన్లోకి మూడుసార్లు పిలిచింది.

ఫోటో ఇటు తిప్పు. నీ కోపం నామీద పెట్టుకో, పిన్ని మీద కాదు. నన్ను తిట్టు, ఎంతైనా తిట్టు!

అదేంటి, నా కప్పు తీసేస్తున్నావా? నలభై ఏళ్లలో ఈ ఇంట్లో కాఫీ పొయ్యకుండా ఎవరి ముందునించీ కప్పు తియ్యలేదు నువ్వు.

...తియ్యి బాబాయ్. తియ్యి.