మూత తీసుంటే పోట్లాడకూడదు

బిడ్డ తిన్నదల్లా కక్కేస్తూ, తన చేతుల్లోనే చిక్కి శల్యమైపోతాడేమోనని ఆమెకు ఒకటే భయం. హవాయిలోని మొలొకాయి దీవిలో, అత్తగారి వంటింట్లో, ఏడు నెలల కైనోవాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్తగారు చేమదుంప గుజ్జు గిన్నె మూత తీసింది.

"డాక్టరిచ్చిన డబ్బాపాలు పడలేదు. మీ అమ్మ ఫిలిప్పీన్స్ బియ్యం గంజీ పడలేదు. ఇక ఇది పెట్టు."

"పులిసిన వాసనొస్తోంది అత్తయ్యా! పసివాడికి ఇదా? మీకసలు..."

"ఆగు! ముందు మూత పెట్టనీ."

"మూతెందుకు?"

"మా పాత కథల్లో చేమ మా హవాయి వాళ్ళకి పెద్దన్న. గిన్నె తెరిచుంటే ఆయన మన మధ్య కూర్చున్నట్టే. ఆయన ముందు పోట్లాడకూడదు. ఆఁ, పెట్టేశా. ఇప్పుడు తిట్టు."

"తిట్టమంటే ఏం తిడతాను? భయమేస్తోంది, అంతే."

"నాకు మాత్రం లేదా? మా నాన్న పోర్చుగీసువాళ్ళ పిల్లాడు. పెళ్ళైన కొత్తలో దీన్ని బంక అన్నాడట. తర్వాత చచ్చేదాకా తీపిరొట్టెకి రాసుకు తిన్నాడు."

"మా అమ్మ ఏమంటుందో!"

"వీడు తేరుకున్నాక మీ అమ్మ గంజిలోనే కలిపి పెడదాం. ఆవిడే గెలిచిందనుకుంటుంది."

"సరే, మూత తీయండి."

ఆ తల్లి వేలికొసతో కొంచెం నాకించింది. వాడు మొహం చిట్లించాడు, చప్పరించాడు, మళ్ళీ ఆమె వేలు నోట్లోకి లాక్కున్నాడు. అలా కొద్దికొద్దిగా చాలాసేపు తిన్నాడు.

"ఇంకా కక్కలేదు అత్తయ్యా!"

"గట్టిగా అనకు. కునుకు పడుతున్నాడు."

వాడి కడుపు నిండింది. నిన్నటి నుంచి ముద్ద ముట్టనిది ఆ తల్లే. మీరెవరైనా అటు వెళ్తే, తిన్నదో లేదో ఒకసారి కనుక్కోండి.