సగం పువ్వు నాణెం

వాన దంచికొడుతోందని నలుగురం టీ కొట్టు రేకుల కింద చేరాం. టీ కొట్టు అక్క, ఆటో డ్రైవరు, ఇస్త్రీ మామ, దర్జీ పని చేసుకునే నేను. డ్రైవరు ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. బండి కొన్న మొదటి రోజు బోణీలో వచ్చిన నాణెం ఒకటి పదేళ్ళుగా దాచుకున్నాడు. నాలుగు రోజుల కిందట అది కనిపించకుండా పోయింది. ఇంట్లో ఉంటున్న బావమరిదే తీశాడని నోరు జారాడు. ఆ బావమరిది అదే పూట సంచి సర్దుకుని, తను పనిచేసే మెకానిక్ షెడ్డుకి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ పెళ్ళాం వీడితో మాట్లాడ్డం లేదు.

"ఒక్క నాణేనికి ఇంత రభసా?" అంది అక్క.

"నాణెం అంటే గుర్తొచ్చింది," అన్నాడు ఇస్త్రీ మామ. ఇక వాన తగ్గినా మేం కదిలేది లేదని నాకర్థమైపోయింది.

"మొన్న నా జేబులో చిల్లర తీసి చూసుకుంటున్నానా," అని బనీను మీద గుండె దగ్గర తట్టుకున్నాడు, "ఒక నాణెం మీద పువ్వు సగమే ఉంది. మీలాంటివాళ్ళయితే అరిగిపోయిందిలే అనుకుంటారు. అరిగితే అంతా సమానంగా అరుగుతుందిరా! దీనికి ఒక పక్క పువ్వు అంచు దాటిపోయింది, రెండో పక్క ఖాళీ జాగా నెలవంకలా మిగిలింది. అంటే ఏంటి? టంకశాలలో అచ్చు పడేటప్పుడు బిళ్ళ పక్కకి జరిగింది. ఎందుకు జరిగింది? మిషను దగ్గర మనిషి తుమ్మాడు."

"తుమ్మాడని నీకెలా తెలుసు?" అన్నాను.

"ముప్పై ఏళ్ళుగా చొక్కా ముడత చూసి మొగుడూ పెళ్ళాం ఎటు తిరిగి పడుకున్నారో చెబుతున్నాను, తుమ్ము కనిపెట్టలేనా? అక్షరాలు రెండేసి పడ్డాయనుకో, వాడికి ఎక్కిళ్ళు. బొమ్మ తలకిందులైందా, ఇంట్లో గొడవ. రెండు వైపులా ఏమీ లేదా, వాడారోజు పనికే రాలేదు. సరే, ఆ నాణెం పట్టుకుని పాత నాణేలు కొనే కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన భూతద్దం పెట్టి చూశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అద్దం పగిలింది, ఆయన పడ్డాడు. నేనే నీళ్ళు చల్లి లేపితే, కళ్ళు తెరుస్తూనే, 'అన్నా, ఈ కొట్టు నువ్వు తీసుకో, నాణెం నాకిచ్చెయ్' అన్నాడు. నాకెందుకయ్యా కొట్టు, తుడవలేక చావాలి అన్నాను."

"మొన్న పొద్దస్తమానం ఇస్త్రీ బండి దగ్గరే ఉన్నావుగా," అంది అక్క.

"మధ్యాహ్నం నువ్వు కునుకు తీస్తావు చూడమ్మాయ్, అప్పుడు. ఈలోగా కబురు టంకశాల పెద్దాయనకి చేరింది. ఏడు కార్లేసుకుని వచ్చేశాడు. మన సందులో ఒక్క కారే పడుతుంది కదా, అందుకని ఒకదాని మీద ఒకటి పెట్టుకుని వచ్చారు. పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకుని, 'పదకొండుమంది ఇంజనీర్లు చూసి చేతులెత్తేశారు, మీరే దిక్కు' అని ఒకటే ఏడుపు. జాలేసి వెళ్ళాను. మిషను నాలుగంతస్తుల మేడంత ఉంది. చెవి ఆనించి విన్నాను. 'రేకు చూపించండి' అన్నాను. చూస్తే ఏముంది, బిళ్ళలు కోసే రేకు నిండా ముడతలు! ముడతల రేకు లోపలికి తోస్తే బిళ్ళ జరక్క ఏం చేస్తుంది?"

"మరి తుమ్మాడన్నావు?"

"ముడతల్లో దుమ్ముండదూ? దుమ్ముకి తుమ్ము రాదూ? నా ఇస్త్రీ పెట్టె తెప్పించాను. పన్నెండు మైళ్ళ రేకు. నడుస్తూ ఇస్త్రీ చేస్తుంటే వెనకాల ఒకడు బొగ్గులు మోస్తాడు, ఒకడు గొడుగు పడతాడు, పెద్దాయన స్వయంగా నీళ్ళు చల్లుతాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాణేలు ఎంత చదునుగా వచ్చాయంటే, నేల మీద పడితే గోరు దూరదు! బల్ల మీద పెట్టిన చిల్లర బల్లకే అతుక్కుపోయింది. జనం సరుకులకి బల్లలు మోసుకెళ్ళారు. ఊళ్ళకి ఊళ్ళు వంగి నేల గోకుతుంటే పెద్దాయన మళ్ళీ నా కాళ్ళ మీద పడ్డాడు. ఏం చేస్తాను, రేకుకి చిన్న మడత పెట్టి వచ్చాను. మీరివాళ కింద పడ్డ నాణెం తీయగలుగుతున్నారంటే నా చలవే. నా బొమ్మతో కూడా ఒక నాణెం కొట్టారు. మీసం అంచు దాటిపోయింది. అదీ తప్పు నాణెమే అయిందని కరిగించేశారు."

ఈ నాలుగు రోజుల్లో డ్రైవరు నవ్వడం అదే మొదటిసారి. "ఇంతకీ ఆ సగం పువ్వు నాణెం ఏమైంది మామా?"

"అమ్ముతానేంట్రా? నా జేబులో దొరికింది, నా దగ్గరే ఉంటుంది." మళ్ళీ గుండె మీద తట్టుకున్నాడు.

నేను టీ గ్లాసు కింద పెట్టాను. "మామా, ఏడు కార్లూ నమ్మాను, పన్నెండు మైళ్ళ రేకూ నమ్మాను. ఒక్కటే మింగుడుపడ్డం లేదు. ఈ వీధిలో జేబులన్నీ కుట్టింది నేను. నీకింతవరకూ ఒక్క జేబు కుట్టలేదు. ఎప్పుడు చూసినా ఆ బనీనూ ఆ లుంగీయే. నాణెం దొరికిన జేబు ఎవరిది?"

మామ చెయ్యి బనీను మీదే ఉండిపోయింది. డ్రైవరు నవ్వు మాయమైంది.

"నా నాణెం మీద కూడా పువ్వు సగమే," అన్నాడు మెల్లిగా. "అరిగిందనుకున్నాను. ఖాకీ ప్యాంటు ఇస్త్రీకి వేసిన రోజే పోయింది. జేబులో మర్చిపోయినట్టున్నాను."

మామ లుంగీ రొంటిన ముడి విప్పి, నాణెం తీసి బల్ల మీద పెట్టాడు. మా వైపు చూడలేదు. "ముప్పై ఏళ్ళలో ఒకరి గుండీ కూడా ఉంచుకోలేదురా. ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఆ పువ్వు చూశాక చెయ్యి రాలేదు. రోజుకి పదిసార్లు తీసి చూసుకుంటున్నాను. మీ బావమరిది సంగతి విన్నాక ఇద్దామంటే సిగ్గేసింది."

డ్రైవరు నాణెం ముట్టుకోలేదు. "ఆ సిగ్గుతోనే షెడ్డు దాకా రా. నన్ను వాడు గుమ్మం ఎక్కనివ్వడు. నువ్వే చెప్పి ఇంటికి తీసుకురా."

"వస్తాను. ఏమని చెప్పమంటావు?"

"జేబులో దొరికింది, ఇవ్వలేదు. అంతే," అన్నాను. "కార్లొద్దు, మిషన్లొద్దు."

మామ నాణెం తీసుకుని వానలోకి ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

"రెండు ముక్కలేనా? పుట్టి బుద్ధెరిగాక అంత చిన్న కథ చెప్పలేదురా," అన్నాడు దీనంగా. "ఆ తుమ్మొక్కటైనా ఉండనివ్వండ్రా!"