రాళ్లకొత్తూరి కోట తలుపు

మద్దిలేటి అని ఒకాయన ఉండె రాళ్లకొత్తూర్లో. గొర్రెలు కాసుకునే నెమ్మదైన మనిషి, పిల్లి ఎదురొచ్చినా పక్కకి జరిగి దావ ఇచ్చే రకం. అట్లాంటోనికి ఊరు పెట్టిన పేరేందో తెలుసునా? ద్రోహి. ఎందుకంటే, ఆ ఊర్లో ఏటేటా కోట పండగ చేస్తారు. మట్టికోటే అనుకో, ఒక బురుజూ ఒక వాకిలీ మిగిలినాయి. టికెట్టు లేదు, పిలుపు లేదు, ఎవురొచ్చినా కూచోబెట్టి, ఆట చూపిచ్చి, కడుపునిండా పెట్టి పంపిస్తారు. ఆటేందంటే, పూర్వం ఆ కోటను శత్రువులు చుట్టుకున్నారంట. ఎన్నాళ్లున్నా కోట పడలేదంట. అప్పుడు లోపల కావలోడొకడు జొన్నల మూటకి ఆశపడి తలుపు తీసినాడంట. ఆ కావలోని వంశం మద్దిలేటోళ్లదే అని ఊరి నమ్మకం, కాబట్టి ఆ యేసం ఆ ఇంటిదే. కోటనేలే పాలెగాని యేసం ఈరన్నది. శత్రువులు పక్కూరు ఏటిగడ్డోళ్లు, వాళ్లకి అదో మర్యాద. తలుపంటే నిజం తలుపు గాదులే, తడిక, మేక తోసినా పడతాది. అయినా కట్టుబాటు కట్టుబాటే. మద్దిలేటి ఇంటోళ్లు గడె తీస్తే తప్ప ఎవురూ ముట్టగూడదు. తీసినాక జనమంతా ఆయన్ని "థూ, నీ బతుకు" అని తిడతారు. తర్వాత శత్రువులూ వీళ్లూ ఒకే బంతిలో కూచోని సంగటి తింటారు.

ఏమైందంటే, ఆ ఏడు పండగ ముందర మద్దిలేటి మనవరాలు బడినుంచి ఏడ్చుకుంటా వచ్చిందంట. తాతా, మనం కోటను అమ్మినోళ్లమంట, నా పక్కన ఎవురూ కూచోరంట, అనింది. మద్దిలేటి వాళ్ల నాయన తిట్లు తిన్నాడు, తనూ తిన్నాడు, అదంతా సరే. పసిబిడ్డ గూడా తినాల్నా? చానా బాధపడినాడు పాపం.

పండగ రోజు ఇసకేస్తే రాలనంత జనం. డప్పులు మోగినాయి. ఏటిగడ్డోళ్లు కట్టెకత్తులు పట్టుకోని ఎండలో వచ్చి నిలబడినారు. మద్దిలేటి గడె కాడికి పోయినాడు, పోయి, గడెకి వీపానిచ్చి కూచున్నాడు. ఏం మామా, మర్చిపోయినావా, అని ఈరన్న కిరీటం సర్దుకుంటా వచ్చినాడంట. తీయను అన్నాడు. ఈ ఒక్క ఏడన్నా మా ఇంటోడు తలుపు తీయలేదు అనిపిచ్చుకోనీ, అన్నాడు. "నువ్వు తీయకపోతే నేనెట్ల ఓడాల మామా?" అంటాడు ఈరన్న. బతిమాలినారు, బెదిరిచ్చినారు, ఊహూ. డప్పులోళ్లు కొట్టి కొట్టి చేతులు నొప్పిపుట్టి ఆపేసినారు. లోపల సంగటి ఆరిపోతాంది. బయట శత్రువులు తలమీద తుండుగుడ్డలేసుకోని, తడిక సందుల్లోంచి కుండల దిక్కే చూస్తాండారు. నిజం ముట్టడి అప్పుడు మొదలైంది అనుకో.

అప్పుడు లేసింది సుంకమ్మ, మద్దిలేటి పెండ్లాం. ఆయమ్మ పుట్టిల్లు ఏటిగడ్డే. ఆ శత్రువుల్లో సగంమంది ఆయమ్మ అన్నదమ్ములు, వాళ్ల కొడుకులు. మొగుని ముందరికొచ్చి, "జరుగయ్యా," అనింది. "తలుపు తీసినాడనే మాట నీకొద్దు. నేను తీస్తా. నేనూ ఈ ఇంటిదాన్నే గదా. నా అన్నదమ్ములు ఆకలితో ఎండలో నిలబడినారు, వాళ్లకి తలుపు తీసేదానికి నాకేం సిగ్గు?" మద్దిలేటి ఆయమ్మ మొగం చూసినాడు, జరిగినాడు. ఆయమ్మ గడె తీసింది. జనం తిట్టేదానికి నోరు తెరిచినారు గానీ, ఏమని తిడతారప్పా? పుట్టింటోళ్లకి వాకిలి తీసిన ఆడబిడ్డని తిట్టే నోరు ఏ ఊర్లో ఉంది? శత్రువులకి పెద్ద ఎవురంటే, ఆయమ్మ అన్న తిక్కన్నే. "కోట మాదే" అని కేక పెట్టాల ఆయన. కత్తి చంకలో పెట్టుకోని, "బాగుండావా చెల్లీ," అన్నాడంట.

ఇంగ అప్పట్నుంచి గడె తీసేది ఆ ఇంటి ఆడోళ్లే. తిట్లు పోయినాయి. ఏటిగడ్డోళ్లు వచ్చేటప్పుడు కత్తులతో పాటు చీరా, పసుపుకుంకమా తెస్తారు. చీర పట్టుకోనొచ్చే శత్రువుల్ని యాడన్నా చూసినారా మీరు? ఆ పాప గూడా, మా అవ్వే తీసింది, అని బళ్లో చెప్పుకుంటా తిరిగిందంట. పూర్వం ఆ కావలోడు జొన్నలకే తీసినాడో, ఆయప్పకీ బయట బామ్మర్ది ఎవురన్నా నిలబడింటే తీసినాడో, చూసినోళ్లెవురు? నేను పోయినేడు పోయింటి. కోట మళ్లా ఓడిపోయింది. సంగటి మాత్రం వేడివేడిగా ఉండె.