రైలు నడిపేది మా ఆయనే

(కమినుమ స్టేషను. మొన్న కురిసి వెలిసిన మంచు. ప్లాట్‌ఫాం మీద అత్త మసుయో, కోడలు చిజురు.)

"పెట్టె అలా మంచులో పెట్టావేం? అడుగు తడుస్తుంది. ఇటు బల్ల మీద పెట్టు."

"పర్లేదు అత్తయ్యా, రైలొచ్చే వేళయింది. మీరెందుకొచ్చారు ఇంత చలిలో?"

"ఈ వారం స్టేషన్లో మంచు తోసే వంతు మనదేగా. చూసిపోదామని."

"నిన్ననే తోశాను. మెట్ల మీద బూడిద కూడా చల్లాను."

"చల్లావు, చల్లావు. చూశాను. నీ పనికి వంకపెట్టేవాళ్ళెవరు? ఎక్కడికో బయల్దేరినట్టున్నావు."

"అరజావా దాకా. పంటి డాక్టరు దగ్గరికి."

"పంటి నొప్పికి అంత పెట్టెందుకే? దవడంతా పీకించి అందులో వేసుకొస్తావా?"

"పాత బట్టలత్తయ్యా. ఎవరికైనా ఇచ్చేద్దామని."

"కత్తెర్ల సంచీ పాత బట్టేనా? నీ గదిలో మేకుకి లేదు మరి."

"నా గదిలోకి వెళ్ళారా?"

"తలుపు గాలికి కొట్టుకుంటోంది. వేద్దామని వెళ్ళాను."

"మా గది తలుపు జరిపే తలుపు అత్తయ్యా. గాలికి కొట్టుకోదు."

"సరేలే. వెళ్ళాను. చూశాను. ఇప్పుడు చెప్పు."

"మీ దగ్గర దాచి ఏం లాభం. సెందాయ్ వెళ్ళిపోతున్నాను. మళ్ళీ రాను."

"ఊఁ."

"ఊఁ అంటారేంటి? అచ్చం మీ అబ్బాయిలాగే."

"వాడికి ఊఁ అనడం నేర్పింది నేను కాదు, వాళ్ళ నాన్న. సెందాయ్‌లో ఎవరున్నారు?"

"నోరికా. పెళ్ళికి ముందు ఇద్దరం ఒకే షాపులో జుట్టు కత్తిరించేవాళ్ళం. ఇప్పుడు తనే సొంతంగా పెడుతోంది. నాకో కుర్చీ ఉంచింది. రేప్పొద్దున తెరుస్తున్నారు. రేపు నేను కనబడకపోతే ఆ కుర్చీ ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తుంది. నా కోసం ఇప్పటికే రెండుసార్లు ఆగింది, పాపం. ఇంక ఆగనని చెప్పేసింది."

"వాడికి చెప్పావా?"

"చెప్పాను. కొత్త సంవత్సరం నాడు చెప్తే ఊఁ అన్నారు. మొన్న మళ్ళీ చెప్తే, ముల్లంగి ఊరగాయ అయిపోయిందా అన్నారు."

"అయిపోయిందా?"

"అత్తయ్యా."

"లేదు, ఊరికే అడిగాను. వాడు నిన్నేమన్నా అంటాడా? చెయ్యి చేసుకుంటాడా?"

"ఛ. అలాంటివాడైతే ఎప్పుడో వెళ్ళిపోయేదాన్ని. మంచివాడే, అదే నా ఖర్మ. డ్రైవరు డ్యూటీలో, రూలు ప్రకారం, రోజంతా సిగ్నళ్ళకి వేలు చూపించి గట్టిగా మాట్లాడతారు. పచ్చ, బయల్దేరవచ్చు. తలుపులు మూశాం, సరే. ఇంటికొచ్చేసరికి గొంతు అక్కడే వదిలేసి వస్తారు. పడుకోబోయే ముందు గ్యాసు పొయ్యికి వేలు చూపించి, 'కట్టేశాం, సరే' అంటారు. నేను ఆ పొయ్యి పక్కనే నిలబడి ఉంటాను."

"వాళ్ళ నాన్న దీపానికి కూడా చూపించేవాడు."

"ఎలా భరించారు?"

"చలి ఎక్కువైంది. ఆ మఫ్లరు సరిగా చుట్టుకో. ఇవాళే ఎందుకు పెట్టుకున్నావు ప్రయాణం?"

"ఆయనకి సెలవుగా. ఈ బండి ఒనొదెరా గారు నడుపుతారు. మా ఆయనేమో పొద్దున్నే పుట్టగొడుగుల షెడ్డు చూసొస్తానని రాత్రే అన్నారు, నేను లేచేసరికి కారేసుకుని వెళ్ళిపోయారు."

"షెడ్డుకి కాదు."

"మరి?"

"ఒనొదెరా కూతురికి జ్వరమట. తెల్లారగట్ట ఫోనొచ్చింది. మనవాడు బదులు వెళ్ళాడు. నువ్వు నిద్రపోతున్నావని లేపలేదు."

"ఏ బండికి? సాయంత్రం బండికా?"

"పొద్దుటిదీ సాయంత్రందీ. అరజావా వైపు మూడో బండి ఎక్కడేడిసింది?"

"అయితే ఇప్పుడొచ్చేది..."

"మీ ఆయనే."

"అయ్యో. అయ్యో, అత్తయ్యా, ముందే చెప్పొచ్చుగా. ఇంతసేపూ పంటి డాక్టరు, పాత బట్టలు అని నాతో..."

"నువ్వే అన్నావు పంటి డాక్టరని."

"ఇప్పుడేం చెయ్యను? బస్సు ఎత్తేశారు. కారు ఆయన దగ్గరుంది. పక్కింటి హిరబె గారిని దింపమంటే ఆవిడ కారు మలుపు తిరిగేలోపే ఊరంతా తెలిసిపోతుంది."

"ఇదే బండెక్కు మరి. బండి బండే, ఎవరు నడిపితేనేం?"

"ఎక్కితే దిగడం ముందు తలుపు నుంచే కదా. ఆయన పక్కనున్న పెట్టెలో టికెట్టు డబ్బులు వెయ్యాలి. మొగుణ్ణి వదిలి పోతూ మొగుడి దగ్గరే టికెట్టు డబ్బులు కట్టిన ఆడది లోకంలో ఉందా? ఆపైన ఆయన టోపీ సర్దుకుని తల వంచి, 'మా రైల్లో ప్రయాణించినందుకు ధన్యవాదాలు' అంటారు."

"అంటాడు. రూలంటే వాడికి రూలే."

"పెళ్ళయి ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు ఆ మాట. వెళ్ళిపోయేటప్పుడు చెప్తారు. అదీ రూలు కాబట్టి."

"నవ్వుతున్నావా ఏడుస్తున్నావా?"

"తెలీదు. ఇంటికి పోదాం పదండి."

"సాయంత్రం దాకా ఆగి చూడరాదూ?"

"సాయంత్రం బండీ ఆయనదే అన్నారుగా. ఆగితే నాకు ధైర్యమూ ఉండదు. పొద్దుటి నుంచి రెండుసార్లు పెట్టె విప్పి మళ్ళీ సర్దాను."

"కూర్చో. అలా అటూ ఇటూ తిరుగుతుంటే నా కళ్ళు తిరుగుతున్నాయి."

"కూర్చోలేను. అసలు ఈ స్టేషను చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ బోర్డు చూడండి. ఆలుమగల స్టేషనట. దాని కింద రెండు గుండెల బొమ్మ. ఊరి పెద్ద శిరాతొరి గారు నిన్న కూడా మన గుమ్మంలోకి వచ్చి, ఆలుమగల టికెట్లు ఈసారి రెట్టింపు అచ్చేయిస్తున్నాం, అంతా మీ చలవే అని చేతులు పట్టుకున్నారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు దూరం నుంచి వచ్చి ఆ టికెట్లు కొనుక్కుని పర్సుల్లో దాచుకుంటున్నారు. అవి అమ్ముడైతేనే లైను ఉంటుందట, లేకపోతే ఎత్తేస్తారట. అంటే ఏంటి? నా కాపురం మీద ఒక రైలు నడుస్తోందన్నమాట."

"శిరాతొరి మాటలు పట్టించుకోకు. అతని పెళ్ళాం వేరే గదిలో పడుకుంటుంది."

"మీకెలా తెలుసు?"

"ఊరన్నాక తెలుస్తాయి."

"ఆదివారం వస్తే నాకు భయం అత్తయ్యా. జనం కెమెరాలు పట్టుకుని నిలబడతారు. నేను అన్నం డబ్బా పట్టుకుని రావాలి, కిటికీలోంచి ఆయనకివ్వాలి, నవ్వాలి. ఫొటో సరిగా పడలేదు, ఇంకోసారి ఇవ్వండమ్మా అంటారు. పోయిన వారం ఒకటే డబ్బా నాలుగుసార్లు ఇచ్చాను. నాలుగుసార్లూ ఆయన కెమెరా వంకే చూశారు. నా మొహం ఎలా ఉందో ఆయనకి తెలీదు. వచ్చిన వాళ్ళకి తెలుసు."

"ఆదివారాలు మాన్పించమని శిరాతొరితో చెప్తానుండు."

"ఆదివారాలు మాన్పిస్తే సరిపోతుందా? ఇదంతా మీతోనే మొదలైంది. కోపం తెచ్చుకోకండి, మనసులో మాట చెప్తున్నాను. మామయ్య ఈ బండి నడిపినంత కాలం, వానలో, మంచులో, కడుపుతో ఉన్నప్పుడూ, రోజూ ఆయనకి ఇక్కడికే డబ్బా తెచ్చిచ్చారు. డ్రైవరు పెళ్ళామంటే మసుయో గారిలా ఉండాలి. నేను కాపురానికొచ్చిన రోజు నుంచి ఇదే పాట. జ్వరమొచ్చినా పడుకోవడానికి లేదు. మసుయో గారికి జ్వరాలు రాలేదా అంటారు."

"వచ్చేవి."

"మరి ఎందుకు తెచ్చేవారు? అంత ప్రేమా?"

"రైలు ఆలస్యమైనట్టుంది. జింకేదైనా అడ్డం వచ్చిందేమో."

"అత్తయ్యా, అడిగినదానికి చెప్పండి. టీవీ వాళ్ళకి మీరే చెప్పారు కదా, ప్రేమ అని."

"నేను చెప్పలేదు. వాళ్ళడిగారు, నేను నవ్వాను. నవ్వితే అవుననుకుని వేసేశారు."

"మరి కాదా?"

"ముప్ఫై ఏళ్ళు వండిపెడితే అందులో ఏదో ఒకటి ఉండకుండా ఉంటుందా? ఏముందని అడిగితే నేనేం చెప్పను."

"ఆ మూటేంటి, మీ ఒళ్ళో?"

"అన్నం డబ్బా."

"ఆయన వెళ్తుంటే మీరు లేచి కట్టారా? చూశారా, నేను నిద్రపోతుంటే కూడా ఈ డబ్బా ఆగదు. ఏం పెట్టారు?"

"ఉప్పు చేప. ఉప్పులో ఊరిన ఎర్ర పండు. గుడ్డట్టు."

"ఆయన గుడ్డు ముట్టరుగా."

"ముట్టడు."

"మీరు నన్ను ఆపడానికే వచ్చారు, కదూ? నేరుగా అనండి. వెళ్ళొద్దు, పరువు పోతుంది, లైను పోతుంది, అనండి. అంటే నాకూ తేలిగ్గా ఉంటుంది. ఈ చలిలో ముల్లంగుల గురించి మాట్లాడుతూ కూర్చుంటే నాకు పిచ్చెక్కుతోంది."

"నేను వెళ్ళొద్దంటే ఆగిపోతావా?"

"ఏమో. ఆగిపోతానేమో."

"అందుకే అనడం లేదు."

"అంటే?"

"పట్టాలు మోగుతున్నాయి. విను."

"వచ్చేస్తోంది. అత్తయ్యా, పెట్టె ఆ బోర్డు వెనక పెట్టెయ్యనా? మీరు డబ్బా ఇచ్చెయ్యండి, నేను పక్కన నిలబడతాను, బండి వెళ్ళాక ఇంటికి పోదాం. నోరికాకి ఏదో ఒకటి చెప్తాను."

"కుర్చీ పోతుందన్నావుగా."

"పోతుంది."

"మరి?"

"మరేం చెయ్యను? రైలు నడిపేది మా ఆయన. ఆయన మొహం చూస్తూ ఎలా ఎక్కను?"

(ఒకే ఒక్క బోగీ ఉన్న రైలు వచ్చి ఆగింది. డ్రైవరు తత్సుమి కిటికీ అద్దం దించాడు.)

"అమ్మా, ఇద్దరూ వచ్చారేంటి? నేను డ్యూటీకి వచ్చినట్టు చిజురుకి చెప్పావా?"

"చెప్పాను. ఎదురు బండి వచ్చేదాకా ఇక్కడే ఉంటావుగా?"

"ఉంటాను. దానికి ఇక్కడే దారివ్వాలిగా. వచ్చేస్తుంది. చిజురూ, ఆ పెట్టేంటి?"

"అదా? అదీ... మీకు డబ్బా ఇద్దామని వచ్చాను. అత్తయ్యా, ఆ మూట ఇలా ఇవ్వండి."

"ఇవ్వను."

"ఇవ్వండత్తయ్యా, జనం చూస్తున్నారు."

"ఏ జనం? లోపల ఇద్దరు బడిపిల్లలు. వాళ్ళ తలలు ఫోన్లలో ఉన్నాయి."

"ఇచ్చేసి ఇంటికి పోదామండీ."

"ఇవాళ ఇచ్చావంటే ఇంక రోజూ ఇస్తూనే ఉంటావు. ఎక్కు."

"అమ్మా, ఎక్కడికి ఎక్కమంటున్నావు?"

"సెందాయ్. అక్కడ ఉద్యోగం వచ్చింది దానికి. నీకు చెప్పిందట. చెప్పిందా లేదా?"

"చెప్పింది."

"నువ్వేమన్నావు?"

"ఊఁ అన్నాను."

"ఊఁ అన్నాక ఇంక మాటేముంది. వెనక తలుపు తియ్యి."

"చిజురూ, నువ్వు ఊరికే అంటున్నావనుకున్నాను."

"రెండుసార్లు ఊరికే అంటానా?"

"తిరిగి వస్తావా?"

"తెలీదండీ. ఈ మాట ఇంట్లో అడిగుంటే ఏం చెప్పేదాన్నో. ఇక్కడ ప్లాట్‌ఫాం మీద అడిగితే నాకు నిజంగా తెలీదు."

"తలుపు తీశానమ్మా. బయట చలిగా ఉంది, అందుకని తీశాను. అంతే."

"పెట్టె అందుకో చిజురూ. గుమ్మం దగ్గర జారుతుంది, చూసుకో. ఆఁ. ఇదిగో, ఇది పట్టుకో. అరజావాలో బండి మారేటప్పుడు కొనుక్కుని తినకు, అక్కడ అన్నం బాగుండదు."

"ఇది ఆయనకి కట్టింది కదత్తయ్యా."

"వాడు గుడ్డు ముట్టడని నీకు తెలుసు, నాకు తెలుసు. పొద్దున నీ గది చూసొచ్చాక కట్టాను. చల్లారకముందే తిను."

"అత్తయ్యా, ఎక్కడ కూర్చోను?"

"ఎడమ పక్క కూర్చో, నది కనబడుతుంది."

"అమ్మా, నాకు అర్థం కావడం లేదు. ఆదివారం జనం వస్తారు, శిరాతొరి గారు అడుగుతారు. వాళ్ళందరికీ ఏం చెప్పను?"

"నీ నోటికి కూడా కాస్త పని పడనీ."

"ఎవరో అంటే సరే. నువ్వు పంపిస్తున్నావా? నాన్నకి ఒక్క రోజు తప్పకుండా డబ్బా తెచ్చినదానివి. నాన్న పోయేముందు కూడా ఆ మాటే చెప్పుకున్నాడు కదమ్మా. 'మొట్టమొదటి రోజు నేను అడక్కుండానే మీ అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి ఇచ్చింది, కళ్ళనిండా నీళ్ళు, అంత ప్రేమ' అని."

"ఎదురు బండి వచ్చేసిందిరా, సిగ్నలు చూసుకో."

"చూశాను. పచ్చే. చెప్పమ్మా, నువ్వు ఇలా ఎలా పంపించగలుగుతున్నావు?"

"ఆ రోజు నేనూ పెట్టె పట్టుకునే వచ్చానురా, అదిగో ఆ దిమ్మ వెనక పెట్టాను. మీ నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి ఏంటి మసుయో అని అడిగితే నోరు పెగల్లేదు. దారిలో తిందామని కట్టుకున్న నా అన్నమే తీసి ఆయన చేతిలో పెట్టేశాను."