మట్టితో రంగులు చేసిన యూసుఫ్ గారు

కమరున్నీసా గారూ, అమ్మా ముస్కాన్, ఏలూరు పేటల నుంచీ కొల్లేటి ఊళ్ల నుంచీ వచ్చిన పెద్దలారా, మిత్రులారా,

పెయింటర్ యూసుఫ్ గారు మనల్ని విడిచి పదకొండు రోజులైంది. ఆయన గురించి 'ఉండేవారు' అనడం నాకింకా అలవాటు కాలేదు. తడబడితే మన్నించండి. నా పేరు శ్రీదుర్గ. కలిదిండి మండలంలో ఒక చిన్న బడిలో టీచరుని.

ముప్పై ఏళ్లు ఈ ఊరి దుకాణాలకు బోర్డులు రాసిన చెయ్యి ఆయనది. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. థిన్నర్ వాసన పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులూ పాడయ్యాయి. ఇక రంగు డబ్బా ముట్టుకోవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. మరొకరైతే ఏం చేసేవారు? బ్రష్షు పక్కన పెట్టేవారు. యూసుఫ్ గారు బస్సెక్కి మెట్ట వైపు వెళ్లి, సంచిలో ఎర్రమట్టి తెచ్చుకున్నారు.

ఆ మట్టిని బకెట్ నీళ్లలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైనున్న ఎర్రనీళ్లను పల్చటి బట్టలో వడకట్టేవారు. ఆ నీళ్లు తేరాక అడుగున మిగిలిన ముద్దను నూరి, సున్నమూ పాల విరుగుడూ కలిపేవారు. పెంకు మీద పూసి, ఆరాక తడిబట్టతో రుద్దేవారు. బట్టకు రంగు అంటితే మళ్లీ మొదలు. సగం పూతకు అట్టముక్క కప్పి, మిగతా సగాన్ని నెలల తరబడి ఎండకు వదిలేవారు. వెలిసిందా, నిలిచిందా? అది తేలేదాకా ఆ రంగును ఎవరికీ ఇచ్చేవారు కాదు.

ఒక్కసారి ఇచ్చారు. నా వల్ల ఇచ్చారు.

మా బడి గోడ మీద కొల్లేటి పక్షులు వేయమని అడిగాను. ఎరుపూ పసుపూ సిద్ధమేనన్నారు. నీటికాకులకు కావలసిన నలుపు మాత్రం, కొల్లేటి ఒండ్రుతో చేస్తున్నది, ఇంకా కుదరలేదన్నారు. "ఒక్క వానాకాలం ఆగండి టీచరు గారూ" అన్నారు. ఆగస్టు పదిహేనుకి పెద్దవాళ్లు వస్తున్నారని నేను పట్టుబట్టాను. కాదనలేక వేశారు. సెప్టెంబరు వానకి నలుపంతా కారిపోయింది. గోడ నిండా చారలు. పిల్లలు ఏడ్చారు.

ఎలా తెలిసిందో, కబురు పెట్టకుండానే ఆయన వచ్చారు. ప్రార్థన వేళ పిల్లల ముందు నిలబడ్డారు. "తప్పు నాదేనమ్మా. సరిగ్గా చూసుకోకుండా పూసేశాను. మళ్లీ వేసిపెడతాను" అన్నారు.

పక్కనే నేనున్నాను. నోరు విప్పలేదు.

మిత్రులారా, ఆ తప్పు ఆయనది కాదు. ఆయన బతికుండగా, ఆ పిల్లల ముందే ఈ మాట చెప్పాల్సింది. చెప్పలేదు. ఇవాళ ఆయన భార్య కమరున్నీసా గారి ముందు, కూతురు ముస్కాన్ ముందు చెబుతున్నాను. తప్పు నాది.

గోడంతా ఆయనే గోకారు. కొబ్బరి చిప్పలు కాల్చిన బొగ్గుతో వేరే నలుపు చేసి, ఏడాది పాటు ఎండకీ వానకీ పెట్టి చూసి, అప్పుడు వేశారు. ఆ రోజుల్లోనే చాందిని అనే పాప, కొల్లేరుకి నీలం రంగు ఏదని అడిగింది. ఆయన మట్టిలో నీలం లేదు. కొట్లో కొని తెస్తానని నేనన్నాను. ఆయన వద్దన్నారు. "ముందు చూసొద్దాం పదమ్మా" అని, క్లాసంతటినీ గట్టు మీదికి నడిపించారు. పిల్లలు చాలాసేపు చూశారు. ఒకరు ఆకుపచ్చన్నారు, ఒకరు బూడిద రంగన్నారు, ఎండ పడినచోట పసుపన్నారు. తిరిగొచ్చి, ఉన్న పసుపూ నలుపూ సున్నమూ కలుపుకుని నీళ్లను వాళ్లే వేశారు. మూడు వానాకాలాలు గడిచాయి. ఆ గోడ అలాగే ఉంది.

మొన్న ఆయన పోయారన్న మాట పిల్లలకు చెప్పాను. ఎవరూ సెలవు అడగలేదు. లేచి, గోడ దగ్గరికి వెళ్లి, వరసగా నిలబడ్డారు. నిలబడమని నేను చెప్పలేదు.

మనమూ లేద్దాం. రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. కమరున్నీసా గారూ, మీరు కూర్చోండమ్మా. మీ బదులు మేం నిలబడతాం.