గేటు కాడి మంచం

పాలమూరులో పట్టాలకు అవతల దవాఖాన, ఇవతల నేతగాళ్ల బస్తీ. రైలు గేటు పక్కన నడక వంతెన మెట్లకు గొలుసుతో కట్టిన నవారు మంచాన్ని రైల్వే జవాను లాఠీతో తట్టాడు. ఆ చప్పుడుకు బస్తీలోని ఒక నేతామె మగ్గం దిగి వచ్చి ఆ మంచం మీదే కూర్చుంది.

“గిది తియ్యమ్మా.”

“తియ్యను సారు.”

“పండనీకి ఇంట్ల జాగా లేదా?”

“పండనీకి గాదు. గేటు పడితే 108 బండి అవతలనే ఆగుతది. పానం బాగలేనోళ్లను దీని మీద వంతెన దాటిస్తం. మెట్ల మలుపుల తిరగాలెనని సన్నగ చేయించినం.”

“ఎవలనడిగి పెట్టిండ్రు?”

“మా బాపు గేటు ముంగట నలభై నిమిషాలు ఆగిండు. ఇంటికి శవమే వచ్చింది. ఇంకెవలనడగాలె?”

జవాను లాఠీ చంకలో పెట్టుకున్నాడు. “రేపు వ్యాన్ తెచ్చి ఎత్తుకపోతం.”

“తెండి సారు. వ్యాన్ గూడ అవతలి దిక్కు నుంచే రావాలె. గేటు కాడ ఎంతసేపు ఆగుతదో జర మీరే సూడుండ్రి.”